కడగని వేలు

రక్తపరీక్ష గదుల్లో పనిచేసే ఆడపిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "అమ్మా, యంత్రాలు లేని కాలంలో ఎట్లా చేసేవారు?" అని అడుగుతారు. కళ్లతో చేసేవాళ్లం అంటాను. నవ్వుతారు. కళ్లు తప్పు చూడలేదనీ, తప్పు వేరే చోట జరిగిందనీ వాళ్లకు ఇంతవరకు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. చదివాక నన్నేమనుకున్నా సరే, సబ్బు మాత్రం మరిచిపోకండి.

నేను బడి మొహం చూడలేదు. మా నాయన ఆర్మూరులో పురాణం చెప్పేవాడు. ఆయనకు చత్వారం వచ్చాక పుస్తకం నేను చదివితే ఆయన అర్థం చెప్పేవాడు. అట్లా అక్షరాలు వచ్చాయి. పంచాంగం చూసి అంకెలు నేర్చుకున్నాను. మా ఇంటి వెనక మౌల్వీ గారి భార్య దయగల తల్లి, ఉర్దూ అక్షరాలు దిద్దబెట్టింది. వాళ్లందరికీ ఈనాటికీ పొద్దున దీపం దగ్గర దండం పెట్టుకుంటాను. పద్దెనిమిదో ఏట బొట్టు పోయి పుట్టింటికి వచ్చినదాన్ని, ఆ నాలుగు అక్షరాలే నాకు అన్నం పెట్టాయి.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పట్నం నుంచి ఒక డాక్టరు వచ్చాడు, అందరం డాక్టర్ సాబ్ అనేవాళ్లం. దవాఖాన వెనక ఒక గది ఆయన పరిశోధన కోసం ఇచ్చారు. మన ఆడవాళ్లకు రక్తం ఎందుకు తక్కువ పడుతున్నదో తేల్చడం ఆయన పని. మొగవాళ్ల చేతికి వేలివ్వడానికి ఆడవాళ్లు ఒప్పుకోరు గనక, రాయడం చదవడం వచ్చిన ఆడమనిషి కోసం వెతుకుతున్నాడు. మా నాయన నా పేరు చెప్పాడు.

మొదటి రోజు నేను గోడ వారకు నిలబడితే కుర్చీ జరిపి, "కూర్చోండమ్మా, నిలబడి కొలిస్తే కొలత వంకర పోతది" అన్నాడు. మొగవాళ్ల ముందు నన్ను కుర్చీలో కూర్చోబెట్టిన మొదటి మనిషి ఆయన. పొద్దున్నే విధవ మొహం ఎదురు రావడమేమిటని కాంపౌండరు గొణిగితే, "మా గదికి మంచి శకునం ఈమె చెయ్యే" అని నలుగురూ వినేటట్టు అన్నాడు. ఆ మాటకు నేను ఎంత కరిగిపోయానో మీకు ముందే చెప్పాలి. తర్వాత జరిగిందంతా ఆ కరిగిపోవడంలోంచి వచ్చిందే.

తీరిక దొరికితే చాలు, ఆయన నాకు పాఠం చెప్పేవాడు.

"ఎర్రకణం మూడు నాలుగు నెలలే బతుకుతదమ్మా. అది పోయే లోపల ఎముకల మజ్జలో ఇంకోటి తయారు కావాలె. వంటకు సామాను కావాలె గద, గట్లనే దానికీ కావాలె. మనోళ్లకు ఏ సామాను కరువైందో పట్టుకుంటే చాలు."

సీసాలో తీసిపెట్టిన రక్తంలో చక్కెర ఎంత ఉందో గంటగంటకూ కొలిచేవాడు. అది తగ్గుతూ పోయేది. "చూసిన్రా, ఒంట్లోంచి బయటపడ్డంక గూడ కణం తింటనే ఉన్నది" అని పసిపిల్లాడిలాగా మురిసేవాడు. ఎముక లోపల ఎవరూ చూడకుండా జరిగే ఆ వంట తలచుకుంటే నాకు ఒళ్లు జలదరించేది. ఆ వండే చేతికి మనసులోనే మొక్కేదాన్ని.

నా పని ఇదీ: వచ్చినామె వేలు సబ్బుతో కడగాలి. తుడవాలి. స్పిరిటు గుడ్డతో మళ్లీ తుడిచి సూదితో పొడవాలి. సన్నటి గాజు గొట్టంతో రక్తం గీత దాకా పీల్చి, కాస్టిక్ సోడా నీళ్లు కూడా గీత దాకా పోసి కలపాలి. కాసేపటికి ఆ నీళ్లు ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతాయి. రంగు ఎంత ముదిరితే రక్తం అంత మంచిదన్నమాట. పక్కనే రంగు గాజు ఒకటి ఉండేది. దానికన్నా ముదురుగా ఉంటే "పైన" అని, పలచగా ఉంటే "కింద" అని రాయాలి. కింద వచ్చిన వాళ్లకు రక్తం పట్టడానికి లివరు సూదులు, ఇనుము బిళ్లలు. యుద్ధం వల్ల సూదులు దొరకడం లేదు. ఒక్క పెట్టె ఉండేది. పైన వచ్చిన వాళ్లకు ఇచ్చే ప్రశ్నే లేదు.

ఆడవాళ్లు నాకు సూదక్క అని పేరు పెట్టారు.

పొలం పనుల వాళ్లు ఆలూరు నుంచీ దొంకేశ్వర్ నుంచీ వచ్చేవారు. ఊళ్లో పసుపు అమ్మకాల బజారు గంజ్‌లో పసుపు కొమ్ములు ఏరే ఆడవాళ్లు పనికి పోతూ పోతూ ఆగేవారు. చిక్కంతా ఈ గంజ్ వాళ్లతోనే వచ్చింది. సబ్బు తీసి ఒకామె చెయ్యి పట్టుకోబోతే గుంజుకుంది.

"ఓ సూదక్కా, పొద్దుగాల్నే నా చేతుల పసుపు కడుగుతవా? నా పెనిమిటి బతికున్నడు."

పక్కామె అందుకుంది. "కడగనియ్యవే, నీ పెనిమిటి నిన్న కల్లు తాగి నిన్ను కొట్టె గద. వాని ఆయుష్షు జర పలచబడితే పడనియ్యి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. అప్పుడు వెనక నుంచి ఒక ముసలామె మెల్లగా అంది, "అది గాదు బిడ్డా. కడిగేటి చెయ్యి ఎవ్వరిదో గూడ చూడాలె గద."

ఆ మాటతో సబ్బు పక్కన పెట్టేశాను. ముత్తైదువ చేతి పసుపు నా చేత్తో కడగడం నాకూ ఇష్టం లేకపోయింది. ఎవరికైనా ఏమన్నా అయితే నా చెయ్యి తగిలే అయిందనుకుంటారు. అదీగాక పసుపు మంచిదే కదా, పుండు మీద అద్దుతాం కదా, స్పిరిటుతో తుడిస్తే సరిపోదా అనుకున్నాను. గంజ్ ఆడవాళ్లకు ఆ రోజు నుంచి సబ్బు లేదు. డాక్టర్ సాబ్‌కు చెప్పలేదు. చెప్పేంత పెద్ద సంగతి అనిపించలేదు.

కొన్ని నెలలకు రిజిస్టరులో ఒక వింత కనబడింది. పొలం ఆడవాళ్లలో సగానికి సగం కింద. గంజ్ ఆడవాళ్లు ఇంచుమించు అందరూ పైన. తిండి ఇద్దరిదీ ఒకటే, జ్వరాలూ ఒకటే. డాక్టర్ సాబ్ ఆ కాగితాలు పట్టుకుని గదిలో పచార్లు చేసేవాడు.

"పసుపుల ఏదో ఉన్నదమ్మా. దుమ్ము పీలుస్తున్నరు, చేతులకంటింది తింటున్నరు. మజ్జకు గదేదో అందుతున్నది."

ఈ మాట గంజ్ దాకా పాకింది. అక్కడ సరుకు అమ్మిపెట్టే అడ్తి సేటు ఒకడు పని కట్టుకుని వచ్చి, "మా పసుపు తింటే రక్తం పడతదని గోనెసంచుల మీద అచ్చు కొట్టిస్త డాక్టర్ సాబ్, మీరు దస్కతు పెట్టున్రి చాలు" అన్నాడు. డాక్టర్ సాబ్ నవ్వాడు గానీ, ఆ రాత్రే పట్నానికి పెద్ద ఉత్తరం రాశాడని తర్వాత తెలిసింది.

గంజ్ వాళ్లలో ఒక పిల్ల ఉండేది. ఇరవై ఏళ్లుంటాయేమో. రెండో కాన్పు, ఆరో నెల. మొదటిది నిలవలేదు. వరుసలో నిలబడి అందరినీ నవ్వించేది, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకునేది.

"సూదక్కా, మూడు మెట్లెక్కితే దమ్ము ఆడుతలేదు. కండ్లు తిరుగుతున్నయి. గా ఆలూరామెకు సూది మందిస్తివి. నాకెందుకియ్యవు? నా వేలేం పాపం చేసింది?"

"నీ రక్తం మంచిగున్నది, గందుకు."

"మంచిగుంటే నాకెందుకక్కరకొస్తలేదు? ఎవరికోసం దాసుకున్నదో అడుగు జర."

మూడు సార్లు చూశాను. మూడు సార్లూ పైనే వచ్చింది. ఆ పిల్ల పెదవులు మాత్రం వడ్ల పొట్టు రంగులో ఉండేవి. నేను పెదవులు నమ్మలేదు, గాజు నమ్మాను.

వేళ్లు తుడిచిన గుడ్డపేలికలు పారేసేవాళ్లం కాదు, చాకలి సోడాలో నానబెట్టి ఉతికి మళ్లీ వాడేదాన్ని. సోడాలో వేయగానే ఎర్రబడేవి. రక్తమే అనుకునేదాన్ని. ఒకరోజు కొత్తగా వచ్చిన గంజ్ పిల్ల ఒకతి, స్పిరిటుతో వేలు తుడిచి సూది తీసేసరికి భయపడి లేచి పరుగెత్తింది. చుక్క రక్తం రాలేదు. ఆ గుడ్డ పసుపుపచ్చగా నా చేతిలో ఉండిపోయింది. సాయంత్రం మిగతా వాటితో కలిపి సోడాలో వేశాను. అది కూడా ఎర్రబడింది.

బొగ్గుల కుంపటి దగ్గర కూర్చుని ఆ గుడ్డను వెలుగులో తిప్పి చూశాను. పెళ్లిళ్లలో హారతి పళ్లెంలో పసుపూ సున్నమూ కలిపి ఎర్రనీళ్లు చేసిన చెయ్యి ఇది. పసుపుకు సున్నం లాంటి క్షారం తగిలితే ఎర్రగా మారుతుందని తెలియని ఆడది మన దేశంలో ఉంటుందా? మరి కాస్టిక్ నీళ్లు క్షారం కాక ఇంకేమిటి? స్పిరిటు వేలి ముడతల్లోంచి పసుపును పైకి తెస్తుంది. అది రక్తపుచుక్కలో కలుస్తుంది. కాస్టిక్‌లో ఎర్రబడుతుంది. నేను ఇన్ని నెలలూ కొలిచింది సగం రక్తం, సగం పసుపు.

మర్నాడు ఆ గుడ్డ తీసుకుపోయి డాక్టర్ సాబ్ ముందు పెట్టాను. ఆయన తేలికగా కొట్టిపారేయలేదు. పసుపు కొమ్ము గీరి స్పిరిటులో అద్ది కాస్టిక్‌లో వేసి చూశాడు. ఎర్రబడింది. తర్వాత తల ఎత్తి అడిగాడు.

"కానీ మీరు ముందు సబ్బుతోని కడుగుతున్నరు గదమ్మా. కడిగినంక గూడ ఇంత పసుపు ఎక్కడిది?"

ఆ ఒక్క ప్రశ్నకు ఆ ఒక్క క్షణంలో జవాబు చెప్పి ఉంటే ఈ కథ రాసే పనే లేదు. ఆయన మొహంలో అనుమానం లేదు. నేను కడిగే ఉంటానన్న నమ్మకమే ఉంది. ఆ నమ్మకం పోతుందని భయపడ్డాను. తల వంచుకున్నాను. ఆయన దాన్ని అవుననే అనుకున్నాడు.

"ఇగ ఫికర్ చెయ్యకున్రి. ఆవగింజంత మిగిలితే ఏమైతది? పట్నం పెద్ద డాక్టర్లు వచ్చే వారం చూడ వస్తున్నరు. వాళ్లు పోయినంక మల్ల ఒకసారి అన్నీ చేసి చూద్దాం."

నోటితో చెప్పలేనిది వేరే దారిలో చెప్పించాలని ఒక ఉపాయం పన్నాను. పెద్ద డాక్టర్లకు చూపించడానికి ఆయన ఎంచుకున్నది ఆ గర్భిణినే. ఆరో నెలలో కూడా రక్తం పైనే ఉందని. నేను ఆ పిల్ల ఇంటికి పోయాను. వాళ్ల అత్త వాకిట్లో గోనెసంచి కుడుతున్నది.

"అవ్వా, సర్కారు డాక్టర్లు నీ కోడల్ని చూస్తరు. అప్పటిదాకా గంజ్‌కు పంపకు. దినాం చేతులకు నూనె రాసి కుంకుడు రసంతోని కడగమను. పసుపు జాడ ఉండొద్దు."

"నాలుగు దినాలు పని మానితే ఎట్ల బిడ్డా?" అన్నది. మళ్లీ తనే, "సరే తియ్యి, సర్కారోళ్ల ముంగట పచ్చచేతులేం మంచిగుంటది. మొఖానికి ఉంటే సాలదా" అని సర్దుకుంది. కోడలు లోపల నుంచి, "నా చేతులు సూడనీకె పట్నంకెళ్లి వస్తున్నరట అత్తా, ఇగ నాతోని సంచి మోపియ్యకు" అని కేక వేసింది.

ఆ రోజు వచ్చింది. గదిలో ఇద్దరు పెద్ద డాక్టర్లు, తహసీలు ఆఫీసు మనిషి ఒకడు, మన డాక్టర్ సాబ్. ఆ పిల్ల కొత్త చీర కట్టుకుని వచ్చి చేతులు చాపింది. పసుపు పోయిన అరచేతులు సున్నం గోడలాగా ఉన్నాయి. వేలు పొడిచాను. చుక్క పలచగా, నీళ్లు కలిపినట్టు వచ్చింది. గీత దాకా పీల్చాను. కాస్టిక్ నీళ్లు గీత దాకా పోశాను. రంగు గాజు పక్కన పెట్టాను.

కింద. ఎంతో కింద. ఆలూరు వాళ్లలో కూడా అంత తక్కువ నేను చూడలేదు.

పెద్ద డాక్టరు వంగి చూసి ఉర్దూలో అన్న మాటకు అర్థం, మీ పసుపు మహిమ ఇదేనా అని. తర్వాత నా వైపు చూసి, నాకు తెలియాలని కాబోలు, తెలుగులో అన్నాడు. "ఎవరు నేర్పిన్రు ఈమెకు? ఇంట్ల సదివిన సదువు గిట్లనే ఉంటది."

మా డాక్టర్ సాబ్ మొహం ఎర్రబడింది. తన పరిశోధన గురించి కాదు, నన్ను అన్నందుకు. "ఆమె చెయ్యి నా చెయ్యికంటె పక్కాగ ఉంటది సార్" అన్నాడు. నా వైపు తిరిగి, ఎప్పటి గొంతుతోనే, "అమ్మా, ఇంకొకసారి తియ్యున్రి" అన్నాడు.

ఆయన నన్ను అబద్ధం చెప్పమనలేదు. అది మీరు గుర్తుపెట్టుకోవాలి. ఇంకొకసారి తీయమన్నాడు, అంతే.

"తప్పు నాదే సార్, రక్తంతోని గాలిబుడగ పోయి రక్తం తక్కువ పడ్డది" అన్నాను. బుడగ ఏమీ పోలేదు. ఇంకో వేలు పొడిచాను. రక్తం సరిగ్గానే పీల్చాను. కాస్టిక్ నీళ్లు మాత్రం గీత దాకా పోయకుండా ముందే ఆపేశాను. నీళ్లు తక్కువైతే రంగు ముదురుతుంది. అందరూ గాజు వైపే చూస్తున్నారు, నా చెయ్యి ఎవరూ చూడలేదు.

పైన వచ్చింది.

పెద్ద డాక్టరు "అచ్ఛా" అని పుస్తకంలో రాసుకున్నాడు. డాక్టర్ సాబ్ నా వైపు చూసి చిన్నగా తల ఊపాడు. ఆ చూపులో ఉన్నది కృతజ్ఞత. నాకు దక్కకూడనిది దక్కింది. ఆ పిల్ల వేలు నోట్లో పెట్టుకుని అడిగింది.

"ఏమైంది సూదక్కా? మంచిగున్నదా?"

"మంచిగున్నది."

"మల్ల గిప్పుడు గూడ సూది లేనట్టేనా" అని నవ్వుతూ లేచింది. లేస్తూ బల్ల అంచు పట్టుకుంది.

నేను ఒప్పుకున్న తప్పు నేను చేయలేదు. చేసిన తప్పు ఒప్పుకోలేదు. ఇది ఎన్నిసార్లు దేవుడి ముందు చెప్పుకున్నా, ఆయనకు ముందే తెలిసిన సంగతి ఆయనకే చెప్పినట్టు ఉంటుందే తప్ప బరువు దిగదు.

వారం తిరగకుండా డాక్టర్ సాబ్‌ను పట్నం పిలిపించుకున్నారు. రిజిస్టరూ, మిగిలిన లివరు సూదుల పెట్టె కూడా ఆయనతో పోయాయి. మళ్లీ అన్నీ చేసి చూద్దాం అన్న మాట హడావుడిలో ఆయనా మరిచాడు, నేనూ గుర్తుచేయలేదు. దవాఖానలో మిగిలిన ఇనుము బిళ్లలు పొట్లం కట్టుకుని ఆ పిల్ల ఇంటికి పోయాను. మళ్లీ పోయి చూస్తే, రెండు దినాలు మింగి కక్కుకుందట. అత్త పొట్లం తిరిగి ఇచ్చేసింది.

"రక్తం మంచిగున్నదని పెద్ద పెద్ద డాక్టర్లు రాసుకపాయిరి. ఇగ మందెందుకు బిడ్డా? కడుపుతోని ఉన్నప్పుడు పని చేస్తెనే కాన్పు సులువైతది."

పసుపు ఉడకబెట్టే కాలం. కొప్పెరల దగ్గరికి పనికి పంపింది. ఆమెను అనడానికి నాకు నోరెక్కడిది. నేను రాయించిన మాటే ఆమె తిప్పి అన్నది. "అవ్వా, ఆ కొలత అబద్ధం" అని ఆ వాకిట్లో నిలబడి అనొచ్చు. భీమ్‌గల్‌లో ఉన్న లేడీ డాక్టరు దగ్గరికి బండి కట్టించొచ్చు. ఇవన్నీ ఇప్పుడు వరుసగా తోస్తాయి. అప్పుడు మాత్రం పొట్లం కొంగున ముడేసుకుని ఇంటికి వచ్చేశాను.

ఎనిమిదో నెలలోనే నొప్పులు వచ్చాయి. పొద్దున మొదలై మధ్యాహ్నానికి అయిపోయింది. బిడ్డ దక్కలేదు, తల్లీ దక్కలేదు. రక్తం ఆగలేదట. మంత్రసాని చెప్పింది, చీరకు అంటింది కూడా ఎర్రగా లేదని.

డాక్టర్ సాబ్ సంగతి కూడా చెప్పేస్తాను. రెండేళ్లకు ఉత్తరం వచ్చింది. పట్నంలో ఎలుకలకు పసుపు పెట్టి చూశాడట, మనుషులకు పెట్టి చూశాడట, రక్తం పడలేదు. అక్కడి వాళ్లు నవ్వారట. "నా పద్ధతిలోనే ఏదో లోపం ఉండి ఉంటుంది. మీ చేతి మీద మాత్రం నాకు ఏనాడూ అనుమానం లేదమ్మా" అని రాశాడు. ఆయన ఆ పని వదిలేసి మామూలు ప్రాక్టీసు పెట్టుకున్నాడు. ఆ ఉత్తరానికి జవాబు చాలాసార్లు మొదలుపెట్టాను. "మీ దయ వల్ల క్షేమం" దగ్గర కలం ఆగిపోయేది. పంపలేదు. ఆయన పోయాడని విన్నాక పంపాల్సిన అవసరమూ పోయింది.

నేను ఆ దవాఖానలోనే పింఛను దాకా పనిచేశాను. ఎంతోమంది పిల్లలకు పని నేర్పాను. చేతులు కడిగించడంలో నేను రాక్షసినని పేరు. ఎందుకో వాళ్లకు తెలియదు.

చివరికి ఒక్కటి మిగిలింది. ఆ పిల్ల పోయి పదకొండు దినాలయ్యాక వాళ్ల అత్త దవాఖానకు వచ్చింది. వరుసలో నిలబడలేదు, నా గది గడప దగ్గర కూర్చుంది. పోట్లాడడానికి వచ్చిందనుకున్నాను. పోట్లాడితే బాగుండుననుకున్నాను కూడా.

"తెలవక అడుగుతున్న బిడ్డా, కోపం చెయ్యకు" అంది. "దాని రక్తం మంచిగున్నదంటిరి గద. మూడు సార్లు అంటిరి. మల్ల పట్నపోళ్ల ముంగట గూడ అంటిరి. గంత మంచి రక్తముంటే గట్లెట్ల పోయింది?"

గదిలో మేమిద్దరమే ఉన్నాం. బల్ల మీద గాజు ఉంది, కాస్టిక్ సీసా ఉంది, సబ్బు ఉంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు ఎవరికీ ఇవ్వడు.

"దేవుడు పిలుసుకున్నడవ్వా. మనమేం చేస్తం" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది.

"పొద్దుమాపు దీపం పెట్టేటిదానివి. నువ్వు చెప్పినంక ఇగ నిజమే" అని, నా రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకుని, మెల్లగా మెట్లు దిగి పోయింది.